పల్లీ సభ తీర్మానంతో పరదేశిని పంపించగలమా? మోటు వైపు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

ప్రశ్న ఇదీ: ఒడిశాలో మల్కన్‌గిరి జిల్లా మోటు దగ్గర పంచాయతీలో ఒక వార్డు మెంబరు గారు అడిగారు. ఊళ్లో కొత్తగా బెంగాలీ మాట్లాడే కూలీలు దిగారట. వచ్చే పల్లీ సభలో (ఊరివాళ్లంతా కూర్చునే గ్రామసభ) "సరైన కాగితాలు లేని బెంగాలీలు ఊళ్లో ఉండరాదు" అని తీర్మానం పెట్టమని కుర్రాళ్లు పట్టుబడుతున్నారట. ఈలోగా రాత్రిళ్లు తిరిగి ఆధార్ కార్డులు చూస్తామంటున్నారట. థానా వాళ్లు కూడా "మీ దగ్గర జాబితా ఉంటే ఇవ్వండి" అన్నారట. పంచాయతీ చేతిలో ఏముంది, ఏం లేదు?

జవాబు:

మెంబరు గారూ, తీర్మానం చెల్లదు. మనిషి ఏ దేశస్థుడో తేల్చే పని పల్లీ సభది కాదు, సర్పంచిది కాదు. విదేశీయుల వ్యవహారం కేంద్రానిది. అనుమతి లేకుండా ఉంటున్నవాళ్లను గుర్తించి పంపించే అధికారాన్ని 1958లో రాజ్యాంగం 258(1) అధికరణ కింద రాష్ట్రాలకు అప్పగించారు. రాష్ట్రం దాన్ని పోలీసుల ద్వారా, కలెక్టర్ల ద్వారా నడుపుతుంది. అంతకంటే కిందికి ఆ అధికారం దిగలేదు. "మాది షెడ్యూల్డ్ ఏరియా, పెసా చట్టం ఉంది కదా" అని ఎవరో ఒకరు లేస్తారు. పెసా, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం, గ్రామసభకు భూమి అన్యాక్రాంతం కాకుండా చూడడం, చిన్న తరహా అటవీ ఉత్పత్తులు, సారా మీద అదుపు వంటి అధికారాలిచ్చింది. పౌరసత్వం అందులో లేదు. ఆదివాసుల ప్రయోజనం కోసం పౌరుల రాకపోకల మీద, నివాసం మీద ఆంక్షలు పెట్టొచ్చని రాజ్యాంగం 19(5) చెబుతుంది గానీ అది చట్టం ద్వారా జరగాలి, చేతులెత్తి చేసే తీర్మానం ద్వారా కాదు.

రాత్రి తనిఖీల సంగతి ఇంకా ప్రమాదం. ఇక్కడ కుర్రాళ్లకు నచ్చని మాటే చెప్పాలి. సామాన్యుడు ఇంకో మనిషిని పట్టుకోవచ్చా అంటే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం పట్టుకోవచ్చు. కానీ తన కళ్లెదుట బెయిలు లేని, పోలీసు నేరుగా పట్టుకోదగ్గ నేరం జరుగుతుంటేనే, లేదా ఆ మనిషి ప్రకటిత నేరస్థుడైతేనే. పట్టుకున్నాక ఆలస్యం చెయ్యకుండా, ఎట్టి పరిస్థితిలోనూ ఆరు గంటల లోపు పోలీసులకు అప్పగించాలి. పరాయి దేశం నుంచి వచ్చాడన్నది కళ్లెదుట కనిపించే నేరం కాదు, ముఖం మీద రాసి ఉండదు. కాబట్టి దారి అటకాయిస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చినది) 126, గదిలో పెట్టి తాళం వేస్తే 127 మీ కుర్రాళ్ల మీదే పడతాయి. అయిదుగురో అంతకంటే ఎక్కువమందో కలిసి పుట్టిన చోటు, భాష, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణంతో ఒకణ్ని చంపితే 103(2) కింద ఉరి లేదా యావజ్జీవం. చంపకపోయినా తీవ్రంగా గాయపరిస్తే 117(4) కింద ఏడేళ్ల దాకా. "భాష" అన్న మాట ఆ సెక్షన్లలోనే అచ్చయి ఉంది, సభలో చదివి వినిపించండి. అరెస్టు చేసే అధికారం విదేశీయుల చట్టంలోనూ హెడ్ కానిస్టేబుల్ స్థాయికి తగ్గని పోలీసుకే ఇచ్చారు, కర్ర పట్టుకున్న ప్రతివాడికీ కాదు.

ఇక "బెంగాలీ" అన్న ఒక్క మాట కింద మీ జిల్లాలో మూడు రకాల మనుషులున్నారు. గొడవంతా వాళ్లను కలగలపడంలోనే ఉంది. మొదటివాళ్లు ఎమ్‌వి ఊళ్లవాళ్లు. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ కాందిశీకులను ప్రభుత్వమే తెచ్చి ఇక్కడ దించింది. ఎమ్‌వి అంటే మల్కన్‌గిరి విలేజ్, పక్కన అంకె. ఉమర్‌కోట్ వైపు యువి, ఛత్తీస్‌గఢ్‌లో పఖాంజూర్ వైపు పివి. రెండోవాళ్లు ముర్షిదాబాద్, మాల్దా, బీర్భూమ్ జిల్లాల నుంచి తాపీ పనికో, బట్టల మూట మోస్తూ అమ్ముకోవడానికో వచ్చే భారతీయులు. మూడోవాళ్లు నిజంగా సరిహద్దు దాటి, కాగితం లేకుండా వచ్చినవాళ్లు. ఈ మూడో రకం అసలు లేరనడం అబద్ధం, మొదటి రెండు రకాలనూ ఆ గాటన కట్టడం అంతకంటే పెద్ద అబద్ధం.

మాటతీరు బట్టి పసిగడతామంటారు. అది పనిచెయ్యదు, ఎందుకో చూడండి. ఎమ్‌వి ఊళ్లలో పెద్దవాళ్లు చాలామంది బరిశాల్, ఖుల్నా, ఫరీద్‌పూర్ ప్రాంతాల నుంచి వచ్చారు. వాళ్ల యాస అచ్చంగా ఇవాళ్టి బంగ్లాదేశ్ యాసే. అంటే భారత పౌరుడే "బంగ్లాదేశీలా" మాట్లాడతాడు. ఇంకొందరు నీళ్లను "పానీ" అంటే బంగ్లాదేశీ, "జోల్" అంటే మనవాడు అని లెక్క కడతారు. ఆ తేడా చాలావరకు మతానిది, దేశానిది కాదు. ముర్షిదాబాద్ ముస్లిం మేస్త్రీ కూడా పానీ అనే అంటాడు. ఫోన్‌లో బంగ్లాదేశ్ కోడ్ 880తో నంబరు ఉంటే రుజువే కదా అంటారు. కాందిశీకుల కుటుంబాల్లో సగం చుట్టరికం అవతలే మిగిలిపోయింది. పెళ్లికో చావుకో ఫోను రాకుండా ఎలా ఉంటుంది? దానికి తోడు బంగ్లాదేశ్ గుర్తింపు కార్డో పాస్‌పోర్టో దొరికితే అప్పుడది ఆధారం. ఒక్క నంబరు కాదు.

చట్టం ఏ తేదీలు చూస్తుందో కూడా తెలుసుకోండి. "1971 మార్చి 25కు ముందు వచ్చారా" అన్న ప్రశ్న అందరి నోటా ఉంది గానీ ఆ తేదీ పౌరసత్వ చట్టంలో అస్సాం కోసం పెట్టిన 6ఎ సెక్షన్‌ది. ఒడిశాకు వర్తించదు. ఇక్కడ చూడాల్సింది పుట్టిన తేదీ. 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు దాకా భారతదేశంలో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతో పౌరులు. ఆ తర్వాత 2004 డిసెంబరు 3కి ముందు దాకా పుట్టినవాళ్లకు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులై ఉండాలి. అటుపైన పుట్టినవాళ్లకు ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. 1972లో ఎమ్‌వి ఊళ్లో పుట్టిన మనిషిని "కాగితం చూపించు" అని నిలదీసేవాళ్లకు ఈ మొదటి నియమం తెలియదు.

కాగితాల దగ్గరికొద్దాం, అసలు చిక్కు ఇక్కడే. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టం 9వ సెక్షనే చెబుతుంది. ఏడాదిలో 182 రోజులు ఇక్కడ నివాసముంటే విదేశీయుడూ తీసుకోవచ్చు. 2025 ఆగస్టులో బొంబాయి హైకోర్టు కూడా ఆధార్, పాన్, ఓటరు కార్డు ఉన్నంత మాత్రాన పౌరుడైపోడని ఒక బెయిలు కేసులో చెప్పింది. అందుకని ఆధార్ చూసి వదిలేయడమూ తప్పే, ఆధార్ లేదని పట్టుకోవడమూ తప్పే. మీ కుర్రాళ్లు రాత్రి టార్చి వేసి చూద్దామనుకుంటున్న కార్డు అటు తేల్చదు, ఇటు తేల్చదు. పనికొచ్చేవి వేరు: జనన ధ్రువపత్రం, పౌరసత్వ నమోదు పత్రం, పాస్‌పోర్టు. కాందిశీకులకైతే శిబిరం కార్డు, పునరావాసంలో ఇచ్చిన భూమి పట్టా, తండ్రి పేరున్న పాత ఓటరు జాబితా, బడి అడ్మిషన్ రిజిస్టరు నకలు.

ఆ పాత కాగితాలు వెతికేటప్పుడు అందరూ ఒక చోట తప్పటడుగు వేస్తారు. మల్కన్‌గిరి 1992 అక్టోబరు 2న జిల్లా అయింది. అంతకుముందు అదంతా కొరాపుట్ జిల్లా. 1968 నాటి పట్టా మీద "కొరాపుట్ జిల్లా, ఒరిస్సా" అని ఉంటుంది, ఆధార్ మీద "మల్కన్‌గిరి, ఒడిశా" అని ఉంటుంది. రాష్ట్రం ఇంగ్లిష్ పేరు మారింది 2011లో. బయటి రాష్ట్రంలో కూర్చుని సరిచూసే అధికారికి ఇవి రెండు వేర్వేరు ఊళ్లలా కనిపిస్తాయి. కాబట్టి మల్కన్‌గిరి కలెక్టరేట్‌లో "రికార్డు లేదు" అంటే అక్కడితో ఆగిపోకుండా కొరాపుట్ కలెక్టరేట్ రికార్డు గదికి దరఖాస్తు పెట్టాలి. రాయగడ, నబరంగ్‌పూర్ వాళ్లకూ ఇదే లెక్క. గజపతి వాళ్లకైతే పాతది గంజాం. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. ఊరి పాత పేరు, ఎమ్‌వి అంకె, కుటుంబ పెద్ద పేరు, ఖతియాన్ (భూమి హక్కుల పత్రం) నంబరు, సుమారు సంవత్సరం రాయకపోతే "వివరాలు చాలవు" అని తిప్పి పంపుతారు.

రెండో తప్పు పేర్ల దగ్గర. ఒడియా, బెంగాలీ లిపుల్లో మామూలుగా "బ" అక్షరమే "వ"కూ సరిపెడతారు. మనం "విశ్వాస్" అని రాసేది అక్కడ "బిశ్వాస్", ఇంగ్లిష్‌లోకి ఎక్కేసరికి ఇంకో రూపం. ఒకే ఇంట్లో తండ్రి "మొండల్", కొడుకు "మండల్", ఓటరు కార్డులో కోడలు "మండోల్" అయి ఉంటారు. బెంగాలీ నోట "అ"కారం "ఒ"కారంలా పలుకుతుంది, రాసుకున్న గుమాస్తా ఒడియావాడో తెలుగువాడో అయితే తనకు వినబడినట్టు రాస్తాడు. ఇది అనుమానం పుట్టించాల్సిన తేడా కాదు. 2024 జులై 11న అస్సాం నుంచి వచ్చిన ఒక అప్పీలులో సుప్రీంకోర్టు సరిగ్గా ఈ మాటే చెప్పింది. పేర్లలో అక్షరాల తేడా, తేదీల్లో చిన్న తేడా ఉన్నంత మాత్రాన మనిషిని విదేశీయుడనకూడదంది. అయినా ముందుజాగ్రత్తగా "ఈ పేర్లన్నీ ఒకరివే" అని అఫిడవిట్ చేయించి, అన్ని రూపాలూ అందులో ఎక్కించి పెట్టుకోవడం మంచిది. ఆలస్యమైన జనన నమోదు ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు మీదే జరగాలి. దళారీ రెండు రోజుల్లో తెచ్చిచ్చే ధ్రువపత్రం ఉన్న కేసును కూడా చెడగొడుతుంది.

2024 నాటి ఆ సుప్రీంకోర్టు తీర్పులోనే ఇంకో ముఖ్యమైన మాట ఉంది. విదేశీయుణ్ని కాదని రుజువు చేసుకునే భారం ఆ మనిషిదే. 1946 విదేశీయుల చట్టం 9వ సెక్షన్ అదే చెప్పింది, దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టంలోనూ ఆ నియమం ఉంది. దీన్ని పట్టుకుని "వాడే నిరూపించుకోవాలి, మనకేం" అంటారు. కానీ భారం అతని మీద పడాలంటే ముందు అధికారి చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి, ఆ ఆధారమేమిటో అతనికి చెప్పాలి. ఎవరో అన్నారని, మాట బెంగాలీ అని ఏదో ఒక తలుపు తట్టి నిరూపించుకొమ్మనడం కుదరదని కోర్టు చెప్పింది. నా లెక్కలో ఈ చర్చ మొత్తానికి కీలు ఇదే.

అందుకే థానా వాళ్లు జాబితా అడిగితే "బెంగాలీల జాబితా" ఇవ్వకండి. కొత్తగా వచ్చిన పనివాళ్ల జాబితా, భాషతో పనిలేకుండా, గుత్తేదారు దగ్గర నుంచి తీసుకోండి. అందులో మనిషి పేరు, తండ్రి పేరు, సొంత ఊరు, పోస్టాఫీసు, అక్కడి పోలీస్ స్టేషన్, బ్లాకు, ఫోను నంబరు, వచ్చిన తేదీ, ఎవరి పనిలో ఉన్నాడు అన్నవి ఉండాలి. ఫొటో అంటించి గుత్తేదారు సంతకం పెట్టించాలి. బయటి మేస్త్రీలు, ఆంధ్ర నుంచి వచ్చే చేపల వ్యాపారులు, ఛత్తీస్‌గఢ్ ట్రాక్టర్ డ్రైవర్లు అందరూ ఒకే పుస్తకంలో ఉంటే ఎవరికీ ఎత్తిపొడుపు ఉండదు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు ఒక సంగతి విడిగా గుర్తుంచుకోవాలి. అద్దెకు దిగిన మనిషి విదేశీయుడని తెలిస్తే 24 గంటల్లో ఆ సమాచారం ఇవ్వడం చట్టబద్ధమైన బాధ్యత. దేశంలోపలి అద్దెదారు సంగతి వేరు, అతని వివరాలు థానాలో ఇవ్వమని జిల్లాలో ఉత్తర్వు ఉంటేనే అది తప్పనిసరి.

ఒకరి మీద నిజంగానే అనుమానానికి ఆధారం ఉంటే థానాకు రాతలో ఇవ్వండి. ఏం చూశారు, ఎప్పుడు చూశారు, ఏ కాగితం చూశారు, అంతే. "బంగ్లాదేశీ" అని మీరు తేల్చి రాయొద్దు. డైరీ ఎంట్రీ నంబరు అడిగి తీసుకోండి. ముఖ్యంగా నకిలీ జనన పత్రాలు, ఆధార్‌లు చేయించే దళారీ తెలిస్తే అతని గురించి రాయండి. పది మంది కూలీలను పట్టుకోవడం కంటే అతనొక్కణ్ని పట్టుకోవడం మేలు. కొత్త చట్టంలో చెల్లే పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే అయిదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉంటే, నకిలీ పాస్‌పోర్టు, వీసాలు వాడినా అందించినా కనీసం రెండేళ్లు, ఏడేళ్ల దాకా, జరిమానా లక్ష నుంచి 10 లక్షలు.

ఆ తర్వాత పోలీసులు చెయ్యాల్సిన పని చెబుతాను, దారి తప్పితే మీకు తెలియాలి కాబట్టి. పట్టుకున్న మనిషికి కారణం చెప్పాలి, బంధువుకు కబురు చెయ్యాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. జీవించే హక్కు చెప్పే 21వ అధికరణ పౌరుడికే కాదు, ప్రతి మనిషికీ ఉంది. "నాది ముర్షిదాబాద్" అంటే ఆ జిల్లాకు రాసి కనుక్కోవాలి. దీనికి 2025 మేలో కేంద్ర హోంశాఖ 30 రోజుల గడువు పెట్టింది. ఇక్కడే పని చెడుతోంది. 2025 జులైలో ఝార్సుగూడలో 444 మందిని ఒక్కసారిగా పట్టి ఉంచారు, కాగితాలు సరిచూశాక చాలామందిని వదిలేశారు. వాళ్లలో ఎక్కువమంది పశ్చిమ బెంగాల్ కూలీలే. ముందు సరిచూసి తర్వాత పట్టుకుని ఉంటే పోలీసుకూ ఆ పని తప్పేది, కూలీకి కూలీ డబ్బులూ మిగిలేవి. అంతకంటే ఘోరం ఢిల్లీలో జరిగింది. 2025 జూన్‌లో బీర్భూమ్ జిల్లా గర్భిణిని కుటుంబంతో సహా పట్టుకుని, ఆ 30 రోజుల విచారణ జరగకుండానే బంగ్లాదేశ్‌లోకి నెట్టేశారు. సెప్టెంబరు 26న కలకత్తా హైకోర్టు వెనక్కి తెమ్మని ఆదేశించింది. ఆమె తిరిగి వచ్చేసరికి డిసెంబరు. నెట్టెయ్యడానికి కొన్ని రోజులు, తెచ్చుకోవడానికి కొన్ని నెలలు.

నిజంగా విదేశీయుడని తేలినా లారీ ఎక్కించి పంపడం కాదు. శిక్ష పడితే అది పూర్తయ్యాక, జాతీయతను ఆ దేశం ఒప్పుకునేదాకా నిర్బంధ కేంద్రంలో ఉంచాలి తప్ప జైల్లో ఉంచకూడదని 2012లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అవతలి దేశం "మావాడే" అనడానికి నెలలు పడుతుంది. మీ కుర్రాళ్లకు ఈ ఆలస్యం అర్థం కాదు, చేతగానితనం అనుకుంటారు.

ఎవరైనా అన్యాయంగా చిక్కుకుంటే 15100కు ఫోను చేస్తే ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవా సంస్థ మల్కన్‌గిరిలోనే ఉంది. ఎక్కడ పెట్టారో చెప్పకపోతే కటక్ హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే మనిషిని కోర్టు ముందు పెట్టమని అడిగే పిటిషన్. వలస కూలీ అయితే సొంత ఊరి పంచాయతీ, థానా నంబర్లు ముందే రాసుకుని ఉండాలి. ఫోను లాక్కున్నాక ఎవరికీ ఏ నంబరూ గుర్తుండదు.

ఎమ్‌వి ఊళ్ల వాళ్లకు ఒక హెచ్చరిక. పౌరసత్వ సవరణ చట్టం నియమాలు 2024 మార్చి 11న వచ్చాక "అందరూ దరఖాస్తు పెట్టేయండి, పీడ పోతుంది" అని తిరిగేవాళ్లు ఉన్నారు. ఆ దరఖాస్తు పెట్టడమంటే "నేను బంగ్లాదేశ్ నుంచి వచ్చాను" అని సంతకం చెయ్యడమే. 1987కు ముందు ఇక్కడే పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు దాన్ని పెట్టకూడదు, ఉన్న పౌరసత్వాన్ని తామే ప్రశ్నలో పెట్టుకున్నట్టు. 2014 డిసెంబరు 31 లోపు వచ్చి, పౌరసత్వ నమోదు జరగని హిందువులు మొదలైనవాళ్లకు అది పనికొస్తుంది. 2024 డిసెంబరు 31 వరకు వచ్చిన ఇవే వర్గాలవాళ్లను పాస్‌పోర్టు, వీసా నియమాల నుంచి మినహాయిస్తూ 2025 సెప్టెంబరులో వచ్చిన ఉత్తర్వు వేరు. అది కేసు పెట్టకుండా ఆపుతుందే గానీ పౌరసత్వం ఇవ్వదు. ఈ రెండు తేదీలూ కలిపేసి చెప్పే దళారీ ఎదురైతే అక్కడే ఆగిపోవాలి.

చివరిగా, మీరు అడగకపోయినా చెప్పాల్సింది ఒకటుంది. ఈ జిల్లాలో గొడవ పైకి దేశం గురించి, లోపల భూమి గురించి. 2025 డిసెంబరులో ఎమ్‌వి-26లో ఇళ్లు తగలబడ్డాయి. ఒక కోయ మహిళ హత్యతో నిప్పు అంటుకుంది గానీ కింద ఎండుగడ్డి ఎప్పటి నుంచో ఉంది. కోయల పొలం పరాయివాళ్ల చేతికి పోయిందన్న బాధ నిజం. దానికి మందు విదేశీయుల చట్టంలో లేదు. ఒకణ్ని దేశం దాటించినా పొలం తిరిగి రాదు, దాన్ని కొన్నవాడు బెంగాలీ అయినా ఒడియా అయినా మన తెలుగు వ్యాపారి అయినా. ఆ మందు 1956 నాటి 2వ రెగ్యులేషన్‌లో ఉంది. షెడ్యూల్డ్ ఏరియాలో ఆదివాసీ భూమిని ఆదివాసీయేతరుడికి రాసివ్వడం చెల్లదు, 2002 నుంచి ఈ నిషేధం మరింత బిగిసింది. దరఖాస్తు సబ్ కలెక్టరుకు. పల్లీ సభ కూర్చునే రోజున బెంగాలీల మీద తీర్మానం పక్కన పెట్టి, ఏ ఖతియాన్‌లో ఏ ప్లాటు ఎవరి పేరు నుంచి ఎవరి స్వాధీనంలోకి పోయిందో ఒక్కో పేరూ చదివించి రాయించండి. పక్కనే ఖతియాన్ నకలు, ఇప్పుడు దున్నుతున్నవాడి పేరు, ఏ సంవత్సరం నుంచి అన్నది ఉండాలి. తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకాలు, "తాకట్టు" అని చెప్పి తిరిగివ్వనివి కూడా ఎక్కించండి. సంతకాలతో దాన్ని సబ్ కలెక్టరుకు పంపి, రసీదు దగ్గర పెట్టుకోండి.